చిన్న ఊళ్లో పెంపుడు జంతువుల కొట్టు: లాభం ఎవరికి? బాధ్యత ఎవరిది?

"ఏమండీ, మనుషులకే అన్నీ సరిగా దొరకడం లేదు. కుక్కలకీ పిల్లులకీ కూడా ఒక కొట్టు కావాలా అండీ?"

మా కొట్టు ముందు ఆగి ఈ మాట అడగని పెద్దమనిషి లేడంటే అతిశయోక్తి కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో, సంతకు పోయే రోడ్డు మీద, ఎరువుల దుకాణానికీ సైకిల్ షాపుకీ మధ్య నాకొక పెంపుడు జంతువుల కొట్టు ఉంది. కుక్క దాణా, పిల్లి దాణా, మెడపట్టీలు, గొలుసులు, గోమార్ల సబ్బులు, చేపల తొట్టెలు, పక్షులకు కొర్రలు వగైరా అమ్ముతుంటాను. ఇది డబ్బున్నవాళ్ల సరదా వ్యాపారమని ఊళ్లో చాలామంది అభిప్రాయం. నాకు తెలిసినంతవరకు ఈ అభిప్రాయం సరికాదు. మా కొట్టుకు వచ్చేవారిలో సగం మందికి పైగా చుట్టుపక్కల పల్లెలవారే. చేపల చెరువు గట్టు మీద కాపలా కుక్కను కట్టుకున్న రైతు, కోళ్ల గూటికి రాత్రి కావలి కావాలనుకునే ఇల్లాలు, తండ్రి గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో కుక్కపిల్ల కొనమని మారాం చేసే పిల్లవాడు, వీళ్లే మాకు ఖాతాదారులు. అందుచేత ఈ వ్యాపారం మంచిచెడ్డలు పల్లెవాసులకు తెలియవలసిన అవసరం ఉంది.

కొట్టు లెక్కలు

ముందుగా వ్యాపారం సంగతి చెబుతాను. కుక్క దాణా బస్తా మీద అసలు ధర ముద్రించి ఉంటుంది. మాకు మిగిలేది ఆ ధరలో కొద్ది భాగం. ఆ కొద్ది భాగంలోనే అద్దె, కరెంటు, పనివాడి జీతం వెళ్లాలి. అదే బస్తాను పెద్ద కంపెనీలవాళ్లు సెల్‌ఫోను మీద ఆర్డరు తీసుకుని, మాకు పడిన ధరకే ఇంటి గుమ్మం ముందు దింపిపోతున్నారు. వాళ్లు వేల బస్తాలు ఒక్కసారి కొంటారు. మేము నాలుగు బస్తాలు కొంటాం. దానికితోడు పన్ను ఒకటి. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఆవు, గేదె దాణాను పన్ను నుంచి మినహాయించారు. కుక్క, పిల్లి దాణా పొట్లం మీద మాత్రం 18 శాతం వేశారు. పాడి పశువుకూ కుక్కకూ తేడా చూడటంలో తప్పు లేదు. కాని చెరువు గట్టున కాపలా కాసే కుక్క కూడా రైతు పనిముట్టేనన్న సంగతి ఆ లెక్కల్లో లేదు.

ఇక చిన్న ఊళ్లో బస్తా మొత్తం కొనేవారు తక్కువ. కిలో, అరకిలో చొప్పున విడిగా అడుగుతారు. బస్తా విప్పి తూచి అమ్మవలసిందే. మన జిల్లా గాలిలో తేమ ఎక్కువ. విప్పిన బస్తా నెల రోజులు నిలవుంటే దాణా మెత్తబడుతుంది, బూజు పడుతుంది. బూజులో పుట్టే విషం వేరుశనగ పిండిలో పుట్టినట్టే దాణాలోనూ పుట్టి కుక్క కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. అందువల్ల మూతి బిగించిన డబ్బాలో పోసి, విప్పిన తేదీ మీద రాసి ఉంచాలి. మిగిలిపోయి పాడైనది పారబోయాలి. పారబోసిన ప్రతిసారీ ఆ బస్తా మీద లాభం పోయినట్టే. పాడైన దాణాను కొత్తదానిలో కలిపి అమ్మేస్తే ఎవరికీ తెలియదు, కుక్క నోరు విప్పి చెప్పదు. ఈ వ్యాపారంలో నిజాయితీకి పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. విడిగా కొనేవారు బస్తా చూపించమని, దాని మీద తేదీ చదివి చెప్పమని అడగాలి. అడిగితే కొట్టువాడికి కోపం రాకూడదు.

కుక్కపిల్లల అమ్మకం

దాణాలో మిగలని డబ్బు కుక్కపిల్లల్లో మిగులుతుంది. ఈ సంగతి దాచవలసిన పని లేదు. ఒక జాతి కుక్కపిల్లను అమ్మితే వచ్చేది నెలంతా దాణా అమ్మినా రాదు. కొట్టు పెట్టిన కొత్తలో నేనూ అమ్మాను. బయటి ఊరి నుంచి ఒక వ్యాపారి అట్టపెట్టెల్లో పిల్లల్ని తెచ్చి ఇచ్చేవాడు. వయస్సు ఎంతని అడిగితే "రెండు నెలలండీ" అనేవాడు. పళ్లు చూస్తే అయిదు వారాలు దాటవని తెలిసేది. తెలిసీ తీసుకున్నాను.

ఒకసారి లంక గ్రామం నుంచి ఒక కౌలు రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది, దానికి బహుమతి. తెల్లటి పిల్లను ఎంచుకుంది. అయిదో రోజున మళ్లీ వచ్చారు. పిల్ల రక్తపు విరేచనాలతో తుండుగుడ్డలో ఉంది. పార్వో వ్యాధి. మర్నాడు చనిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. "మాకు ప్రాప్తం లేదండి" అన్నాడంతే. డబ్బు తిరిగి ఇవ్వబోతే సగమే తీసుకున్నాడు. ప్రాప్తం లేకపోవడం కాదు, నేను చూసుకోకపోవడమే కారణమని ఆ రోజున చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ తర్వాత కుక్కపిల్లల అమ్మకం మానేశాను.

పార్వో 1978 నుంచి ప్రపంచమంతటా కుక్కల్ని పట్టి పీడిస్తున్న అంటువ్యాధి. దాని సూక్ష్మజీవి నేలలో, బోనులో నెలల తరబడి బతికి ఉంటుంది. ఒక పిల్ల చచ్చిన బోనులో ఇంకో పిల్లను పెడితే దానికీ అంటుకుంటుంది. బ్లీచింగ్‌తో కడిగితే తప్ప పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సులో మొదటి టీకా వేయించి, ఆ తర్వాత నాలుగు నెలలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ వేయిస్తే చాలావరకు రక్షణ ఉంటుంది. తల్లి దగ్గర నుంచి అయిదో వారంలోనే లాగేసి, టీకా లేకుండా, పది ఊళ్ల పిల్లలతో ఒకే బోనులో కుక్కితే వ్యాధి రాకపోతేనే ఆశ్చర్యం.

చట్టం లేక కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. ప్రాణుల్ని అమ్మే ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టరు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను, పిల్లికూనను అమ్మరాదు. ఏ ప్రాణి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి అమ్మారు, ఎన్ని చనిపోయాయి అన్నది పుస్తకంలో రాయాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. అమలు సంగతే శోచనీయం. సంత రోజున కారు డిక్కీ ఎత్తి కుక్కపిల్లల్ని అమ్మి సాయంత్రానికి వెళ్లిపోయేవాడికి రిజిస్ట్రేషన్ ఏమిటి, పుస్తకం ఏమిటి? 1960 చట్టంలో జంతువును హింసించిన తొలి నేరానికి పెట్టిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు! అది చూసి ఎవరు భయపడతారు?

చలిదేశపు కుక్కలు, మన ఎండలు

2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ అనే ముడతల మొహం కుక్క కనిపించింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఎవరిని కదిపినా అదే కుక్క కావాలన్నారు. ముక్కు నొక్కేసినట్టుండే ఆ జాతికి మామూలు రోజుల్లోనే ఊపిరి ఆడటం కష్టం. మే నెలలో మన జిల్లా ఎండలో రేకుల షెడ్డు కింద దాన్ని కడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ మోజు తగ్గేసరికి మంచు మీద బండ్లు లాగే హస్కీ మీద మోజు పుట్టింది. కుక్క ఎండను మనలాగా ఒళ్లంతా చెమట పట్టించి తట్టుకోలేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ప్రధానమైన దారి. ఒత్తయిన బొచ్చున్న చలిదేశపు కుక్కను మన ఉక్కపోతలో పెంచాలంటే చల్లటి గది కావాలి. మనుషులకే లేని గది కుక్కకు ఎక్కడి నుంచి వస్తుంది?

చివరికి ఏం జరుగుతోంది? బొచ్చు రాలి, చర్మవ్యాధి పట్టి, వైద్యానికి డబ్బు చాలక ఒక రాత్రి కాలవ గట్టు మీద వదిలేసి వస్తున్నారు. తిండికీ నీళ్లకూ మాడేలా పెంపుడు జంతువును వదిలేయడం కూడా ఆ 1960 చట్టం ప్రకారం నేరమే. వీధికుక్కల బెడద గురించి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చిన దగ్గర నుంచి దేశమంతటా చర్చ జరిగింది. ఆ కుక్కల్లో కొన్ని ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి కొన్నవేనన్న సంగతి మాత్రం ఆ చర్చలో అంతగా వినిపించలేదు.

కాగా మన కొల్లేటి చుట్టుపక్కలే జోనంగి అనే జాతి కుక్క ఉంది. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, చురుకు. బాతుల మందల్ని కాయడానికి మన పెద్దలు పెంచినది. మన ఎండకూ వానకూ అలవాటు పడినది. చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాక దానికి పని తగ్గింది, పని తగ్గాక ఆదరణ తగ్గింది. పెరట్లో మహాలక్ష్మిని పెట్టుకుని పొరుగూళ్లో అప్పు అడిగినట్టుంది మన వ్యవహారం. కాపలాకు కుక్క కావాలని వచ్చే రైతు సోదరులకు నేను జోనంగినో, ఊళ్లో పుట్టిన నాటు పిల్లనో పెంచుకొమ్మని చెబుతున్నాను. అమ్మకం పోయినా సరే, ఆ సలహా ఇవ్వడం కొట్టువాడి విధి అని నా అభిప్రాయం.

చిలుకలు, తాబేళ్లు

నెలకొకరైనా వచ్చి గొంతు తగ్గించి "రామచిలుక దొరుకుతుందా అండీ?" అని అడుగుతారు. తాతలనాటి నుంచి పంజరంలో చిలుకను చూసిన కళ్లు మనవి. కనుక అది నేరమంటే చాలామందికి నమ్మకం కలగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను, గోరింకను, మన చెట్ల మీద పుట్టిన ఇటువంటి పక్షుల్ని పట్టడం, అమ్మడం, కొని పంజరంలో పెట్టడం నేరం. జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొందరు కొనే నక్షత్ర తాబేలు సంగతీ అంతే. కలిసిరావడం మాట అటుంచి కేసు మెడకు చుట్టుకుంటుంది. పక్షి కావాలని మరీ ముచ్చటపడేవారు లవ్ బర్డ్స్ అని మనం పిలిచే ఆస్ట్రేలియా జాతి చిన్న చిలుకల్ని పెంచుకోవచ్చు. అవి బోనుల్లో పుట్టి పెరిగినవి. వాటికి చట్టం అడ్డు రాదు. కాని వాటికీ రెక్క చాచే చోటు కావాలన్నది మరవరాదు.

చేపల విషయంలో ఒక విడ్డూరం ఉంది. రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గకుండా రాత్రంతా ఏరియేటర్లు తిప్పే రైతు, కూతురి కోసం గుండ్రటి గాజుగిన్నె, గోల్డ్ ఫిష్ కొంటాడు. గాలి పంపు తీసుకోమంటే "దీనికెందుకండీ?" అంటాడు. చెరువుకు వర్తించే సూత్రమే గిన్నెకూ వర్తిస్తుంది. మేత ఎక్కువైతే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, చేప చస్తుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది గనక ఒకరోజు నిలవుంచి పోయాలి. నీళ్లన్నీ ఒక్కసారి మార్చకూడదు. ఇలా చూసుకుంటే గోల్డ్ ఫిష్ పదేళ్లు బతుకుతుంది. వారానికి ఒకటి చచ్చి వారానికి ఒకటి కొంటే కొట్టుకు లాభమే. అటువంటి లాభం వద్దనుకునే కొట్టు ఊరికి కావాలి.

డాక్టరుకు ముందు కొట్టువాడు

పల్లెటూళ్లలో కుక్కకో పిల్లికో జబ్బు చేస్తే ముందు వచ్చేది కొట్టుకే. పశువుల ఆసుపత్రి దూరం, పైగా అక్కడ గేదెల తాకిడి. మేము వైద్యులం కాము, మందు ఇవ్వరాదు. కాని చెప్పవలసినవి చెప్పకపోవడం కూడా తప్పే. జ్వరమని పిల్లికి పారాసిటమాల్ బిళ్ల వేస్తే అది ఆ పిల్లికి విషం. ఉల్లిపాయ కూర కలిపిన అన్నం, చాక్లెట్టు, ద్రాక్షపళ్లు కుక్కకు హాని చేస్తాయి. వండిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. గేదెలకు వాడే గోమార్ల మందును కొలత లేకుండా కుక్క మీద పోస్తే గోమార్లతో పాటు కుక్క కూడా పోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అన్నిటికన్న ముఖ్యం పిచ్చికుక్క కాటు. ఒకనాడు గొలుసు కొనడానికి వచ్చిన ఒక తల్లి పక్కనున్న పిల్లవాడి పిక్క మీద పసుపు పట్టీ కనబడింది. అడిగితే "మా కుక్కపిల్లే గీరిందండి, మూడు రోజులైంది. నాటుమందు వేయించాం" అంది. గొలుసు ఇవ్వకుండా ముందు ఆసుపత్రికి పంపించాను. ఆమెకు కోపం వచ్చింది. వారం తర్వాత మళ్లీ వచ్చి, మూడు సూదులు అయ్యాయనీ ఇంకొకటి ఉందనీ చెప్పి గొలుసు పట్టుకెళ్లింది. ఆ పిల్లకు రేబిస్ ఉందో లేదో నాకు తెలియదు. తెలిసేవరకు ఆగితే చేయగలిగింది ఏమీ ఉండదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసంభవం.

కనుక ప్రతి ఇంటా గుర్తుంచుకోవలసినవి ఇవి. కుక్క కరిచినా, గోరు గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయరాదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. గాయం లోతైతే దానితోపాటు సీరం కూడా వేయాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని పెద్దవాళ్లు భయపెట్టేవారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004 డిసెంబరులోనే మానేశారు. ఇప్పుడు వేసేది చేతికి. భయపడవలసిన పని లేదు. పెంచుకునే కుక్కకు మూడో నెలలో రేబిస్ టీకా వేయించి ఏటా మళ్లీ వేయించాలి. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి రూపుమాపాలని కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో ఉంటే చాలదు, టీకా మన వీధిలోకి రావాలి.

చేయవలసినది

ఈ పరిస్థితుల్లో అధికారులను కోరేది పెద్దదేమీ కాదు. మొదటిది, రిజిస్ట్రేషన్ పద్ధతి ఏమిటో, ఎక్కడ దరఖాస్తు పెట్టాలో ప్రతి మునిసిపాలిటీలోనూ పశువుల ఆసుపత్రిలోనూ తెలుగులో రాసి గోడకు అంటించాలి. నియమం తెలియక తప్పు చేసే చిన్న దుకాణదారుకు అప్పుడు సాకు ఉండదు. రెండవది, సంతల్లో డిక్కీ అమ్మకాలను పశుసంవర్ధక శాఖ, పోలీసులు కలిసి ఆపాలి. మూడవది, ప్రతి మండలంలో నెలకొక రోజు కుక్కలకు, పిల్లులకు కేటాయించి టీకాలు వేయాలి. పశువుల కోసం 2022లో సంచార వైద్య వాహనాలు వచ్చాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే వస్తాయి. వాటితోనే ఈ పని కూడా జరిపించవచ్చు. ఆ రోజున దుకాణదారులందరం మా కొట్ల ముందు బల్లలు వేసి, పేర్లు రాసి సహకరించడానికి సిద్ధం.

తోటి దుకాణదారులకు నా మనవి ఒకటే. పిల్లల అమ్మకం మానలేకపోతే కనీసం ఎనిమిది వారాలు నిండినవే, టీకా కార్డుతోనే అమ్మండి. తల్లి ఎక్కడుందో చెప్పలేనివాడి దగ్గర పిల్లను కొనకండి. చచ్చిన పిల్ల వార్త చిన్న ఊళ్లో సాయంత్రానికల్లా పాకుతుంది, అయిదేళ్లయినా మాసిపోదు.

ఇక పాఠకులకు. పిల్లల అమ్మకం మానేశాక నా కొట్టు రెండేళ్లు నష్టంలో నడిచింది. మూసేద్దామనుకున్న రోజులున్నాయి. ఇప్పటికీ పొదుపుగా నడుస్తోందే గాని లాభాలు గుమ్మరించడం లేదు. ఫోను మీద బస్తా తెప్పించుకోవడం మీ హక్కు. పది రూపాయలు తక్కువకు వస్తే కాదనమని నేను అనను. కాని రాత్రి తొమ్మిదింటికి కుక్క నురగలు కక్కుతుంటే ఆ ఫోను కంపెనీవాడు తలుపు తీయడు. ఇదివరకు మేపిన దాణా ఏమిటో, టీకా ఎప్పుడు వేయించారో వాడికి తెలియదు. ఊళ్లో కొట్టు ఉండాలంటే ఊరివాళ్లు దానిలో కొనాలి. కొనేటప్పుడు తేదీ అడగాలి, కార్డు అడగాలి, తప్పు చేస్తే నిలదీయాలి. నిలదీసే ఖాతాదారుడున్న కొట్టే నిజాయితీగా నడుస్తుంది.

ఆ లంక గ్రామం అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కిందటి సంక్రాంతికి తండ్రితో కలిసి వచ్చింది. వాళ్ల వీధిలోనే పుట్టిన నాటు పిల్లను పెంచుకుంటున్నారట. టీకా ఎక్కడ వేయిస్తారని అడగడానికి వచ్చారు. ఆసుపత్రికి దారి చెప్పి, ఒక మెడపట్టీ ఇచ్చాను. డబ్బు తీసుకోనంటే తండ్రి ఒప్పుకోలేదు. ఈసారి పూర్తి ధర ఇచ్చి వెళ్లాడు.